అమెరికాలో మొదటి కారు: కొత్తదా, సెకండ్ హ్యాండా? (ఒడిశాలోని బరంపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఈ సభ పెట్టినవాళ్ళు నన్ను వీసా గురించో ఉద్యోగాల గురించో మాట్లాడమన్నారు. కారు గురించి మాట్లాడతానని నేనే అడిగాను. వీసా సంగతి చెప్పడానికి కన్సల్టెన్సీలున్నాయి, సీనియర్లున్నారు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం మన పిల్లలు అక్కడ దిగి ఉద్యోగం వచ్చిన రెండో నెలలోనో మూడో నెలలోనో, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్క శనివారం మధ్యాహ్నం ఐదారేళ్ళ అప్పు మీద సంతకం పెట్టేస్తున్నారు. నేనూ పెట్టాను. ఆ అప్పు నన్ను ఎంత ఏడిపించిందో నాకు తెలుసు కాబట్టి ఈ ముక్క మీ పిల్లలు విమానం ఎక్కకముందే చెప్పాలనిపించింది.

నాది ఈ ఊరే. మా నాన్నగారు హైవే పక్కన లారీలు, జీపులు బాగుచేసే షెడ్డు నడిపేవారు, మీలో కొందరికి తెలిసే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, షెడ్డులో డ్రైవర్లతో హిందీ. 2015లో ఇక్కడ ఇంజనీరింగ్ అయ్యాక ఒహాయోలో ఎంఎస్‌కి వెళ్ళాను. చదువుకున్న రెండేళ్ళూ బస్సే. 2018 మొదట్లో హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. హ్యూస్టన్‌లో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేం, ఊరు అలా కట్టారు మరి. ఆఫీసుకి ఇరవై రెండు మైళ్ళు. వారం రోజులు క్యాబుల్లో తిరిగేసరికి డబ్బులు నీళ్ళలా పోయాయి, ఇక ఆగలేక ఫిబ్రవరిలో ఒక షోరూముకి వెళ్ళాను.

అక్కడ నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నెలకి ఎంత కట్టగలరు?"

ఈ ప్రశ్నని గుర్తుపెట్టుకోండి. మనకి ఎంతో మర్యాదగా, మన వీలు చూసి అడుగుతున్నట్టు ఉంటుంది. నెలకి ఐదు వందల డాలర్లు అని మీరు అన్నారంటే, ఇక ఆ అయిదు వందల్లో ఎంత ధర, ఎంత వడ్డీ, ఎన్ని నెలలు అనేదంతా వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోతుంది. నాకు జరిగింది అదే. బండి ధర 24 వేలు. టెక్సస్‌లో కారు మీద అమ్మకం పన్ను 6.25 శాతం, అది 1,500. అది ఎవరైనా కట్టాల్సిందే. కానీ దాని మీద ఇంకో 1,500 చేరింది. కాగితాల ఫీజు, అద్దాల మీద నంబర్ చెక్కినందుకు, సీట్లకి ఏదో పూత పూసినందుకు, టైర్లలో నైట్రోజన్ నింపినందుకు. ఇవన్నీ సంతకాలు పెట్టించే చిన్న గదిలో, మూడు గంటలు కూర్చుని అలిసిపోయాక, ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీదికొచ్చాయి. మొత్తం 27 వేలు. నా దగ్గరున్న 2 వేలు కట్టాను. మిగతా 25 వేలకి 72 నెలల అప్పు, 13 శాతం వడ్డీ.

పదమూడా అని మీరు అడగొచ్చు. ఇక్కడ మన సిబిల్ స్కోరు ఎంత బాగున్నా అక్కడ పనికిరాదు. వాళ్ళ క్రెడిట్ స్కోరు 300 నుంచి 850 వరకూ ఉంటుంది, మనం దిగిన రోజున అసలు స్కోరే ఉండదు. క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా సకాలంలో కడుతూ ఉంటే మెల్లగా తయారవుతుంది. టీవీలో చూపించే సున్నా వడ్డీ, రెండు శాతం వడ్డీ అన్నవి స్కోరు బాగా ఉన్నవాళ్ళకి. కొత్తగా వచ్చినవాళ్ళకి దొరికేది నాకు దొరికినలాంటిదే. నెలకి 502 డాలర్లు, ఆరేళ్ళు కడితే మొత్తం 36 వేల పైమాట. అప్పు మిగిలినంత కాలం ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అని అప్పిచ్చినవాడు షరతు పెడతాడు. ఇండియాలో ఎన్నేళ్ళు నడిపామన్నది అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు లెక్కలోకి తీసుకోవు. నాకు అది ఇంకో 210 అయింది. అంటే బండి కదలకుండా ఇంటి ముందు ఉన్నా నెలకి 712.

ఆ రోజు సాయంత్రం కారు ముందు నిలబడి ఫొటో తీయించుకుని అమ్మకి పంపాను. అమ్మ ఆ ఫొటో వీధిలో అందరికీ చూపించింది. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ కొత్త కారు కొనలేదు. నాన్న జీవితమంతా ఇతరుల బళ్ళ కింద పడుకుని పనిచేశారు. ఆ సంతోషం చిన్నదని నేను అనను. ఈ హాల్లో కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది అలాంటి ఫొటో కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు, అందుకే పిల్లలతో పాటు మీతో కూడా మాట్లాడుతున్నాను.

డిసెంబరులో నా ప్రాజెక్టు ఆగిపోయింది, ఉద్యోగం పోయింది.

ఇది కారు సంగతి ఎలా అయిందంటే, చదువు తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో కొన్నాళ్ళు పనిచేసే అనుమతి) మీద మొదటి ఏడాది పనిచేసేవాళ్ళకి ఉద్యోగం లేకుండా ఉండటానికి మొత్తం కలిపి 90 రోజులే అనుమతి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపల ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా తిరిగి రావాలి. మన జీవితం 60 రోజుల మీదో 90 రోజుల మీదో ఉంటే, మన అప్పు 72 నెలల మీద ఉంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడమని నేను అడుగుతున్నాను. కొత్త కారా పాత కారా అన్న ప్రశ్నకి మొదటి ఏడాదిలో జవాబు ఇక్కడే ఉంది. బండి మంచిదా కాదా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

కారు అమ్మేద్దామనుకున్నాను. పది నెలల్లో నేను 5 వేలు కట్టాను కదా, అప్పు ఇరవై వేలకి దిగి ఉంటుందనుకున్నాను. చూస్తే 22,570 ఉంది. మొదటి నెలల్లో కట్టినదాంట్లో సగానికి పైగా వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది 2,400 చిల్లర. బండికేమో 17,600 కంటే ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు. కొత్త బండి షోరూము గేటు దాటగానే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది, మొదటి ఏడాదిలోనే విలువలో ఐదో వంతు దాకా పోవడం మామూలే. మధ్యలో మిగిలిన తేడా దాదాపు 5 వేలు నేను చేతినుంచి కడితే గాని టైటిల్ కాగితం, అంటే బండి యాజమాన్య పత్రం, బయటికి రాదు. ఇక్కడ ఆర్‌సీలో ఫైనాన్సు వాడి పేరు ఎక్కి ఉంటే, వాడు ఇచ్చే కాగితం, ఫారం 35 లేకుండా అది ఎలా తీయలేమో అక్కడా అంతే. ఉద్యోగం లేదు, చదువు అప్పు ఇక్కడ బ్యాంకులో వడ్డీతో పెరుగుతోంది, ఇంకో 5 వేలు ముగ్గురు స్నేహితుల దగ్గర తెచ్చి కట్టాను. పది నెలలు ఆ కారు నడిపినందుకు, పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండా, నాకు 12 వేల డాలర్లు ఖర్చయింది.

తొంభై రోజులు నిండకముందే ఫిబ్రవరిలో ఒహాయోలో, కొలంబస్‌లో ఉద్యోగం దొరికింది. ఎనిమిది నెలలు బస్సులోనూ, తోటి ఉద్యోగుల కార్లలోనూ తిరిగి స్నేహితుల బాకీ తీర్చాను. అక్టోబరుకి చేతిలో 7 వేల చిల్లర ఉంది, చలికాలం వస్తోంది. ఈసారి అప్పు లేకుండా పాత కారే కొనాలని నిర్ణయించుకున్నాను.

పాత కారు కొనడం అంటే మనకి కొత్త కాదు. ఇచ్ఛాపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. ఏపీ-30 నంబరు బండి అక్కడ తక్కువకి దొరికిందని తెచ్చుకుని, ఎన్‌ఓసీ కోసం శ్రీకాకుళం ఆర్‌టీఓ చుట్టూ, తర్వాత ఓడీ-07 కోసం గంజాం ఆర్‌టీఓ చుట్టూ తిరిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. ఫారం 28, 29, 30 అని నిద్రలో లేపినా చెప్తారు. రాష్ట్రం దాటితే బండి అదే, కాగితం మాత్రం మారుతుందని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1936లో ఈ ఊరు కూడా అలాగే మద్రాసు నుంచి ఒడిశాకి మారింది, వీధులూ ఇళ్ళూ అక్కడే ఉన్నాయి, పైన రాసే పేరే మారింది. అమెరికాలో యాభై రాష్ట్రాలు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో టైటిల్ చట్టం. ఈ సంగతి వాడుకుని జరిగే మోసం గురించి ఇప్పుడు చెప్తాను, నేను దానిలో పడబోయి బయటపడ్డాను.

అక్కడ కారుకి ఉండే టైటిల్ అంటే యాజమాన్య పత్రం. మామూలు బండికి క్లీన్ టైటిల్ ఉంటుంది. ప్రమాదంలోనో వరదలోనో బాగా దెబ్బతిని, బాగుచేయడం దండగని ఇన్సూరెన్సు కంపెనీ వదిలేస్తే దానికి సాల్వేజ్ టైటిల్ పడుతుంది. దాన్ని ఎవరో కొని బాగుచేసి తనిఖీ చేయించుకుంటే రీబిల్ట్ అని పడుతుంది. ఇలాంటి ముద్ర పడిన బండి ధర బాగా పడిపోతుంది. అందుకని కొందరు ఏం చేస్తారంటే, నియమాలు వదులుగా ఉన్న రాష్ట్రానికి తీసుకెళ్ళి అక్కడ రిజిస్టర్ చేయించి, ముద్ర లేని కొత్త కాగితం పుట్టిస్తారు. దీన్ని టైటిల్ వాషింగ్ అంటారు, బట్టలుతికినట్టు కాగితం ఉతకడం అన్నమాట. దీన్ని ఆపడానికే ఎన్ఎంవీటీఐఎస్ అని జాతీయ స్థాయిలో ఒక రికార్డు ఉంది, కొద్ది డాలర్లకే అందులో చూసుకోవచ్చు. కార్‌ఫ్యాక్స్, ఆటోచెక్ రిపోర్టులు కూడా ఉన్నాయి, కొంచెం ఖరీదు. అన్నిటికీ ఆధారం విన్ నంబర్, పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపిస్తుంది.

కొలంబస్‌లో నాకు 2014 మోడల్ సెడాన్ ఒకటి కనిపించింది. టైటిల్ క్లీన్. మెరిసిపోతోంది. అలాంటి బండి వేరేచోట 10 వేలుంటే ఇది 7 వేలు. నేను బయానా ఇవ్వబోతూ నాన్నకి వీడియో కాల్ చేశాను, చూపించి ఆయన్ని సంతోషపెడదామని. ఇక్కడ రాత్రి పదకొండు. ఆయన రంగు చూడలేదు, ఇంజను చూడలేదు. "బుజ్జీ, డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తియ్యి, దాని కింద గుంటలో వేలితో రాయి" అన్నారు. రాశాను. వేలికి సన్నటి ఎండిన ఒండ్రు అంటింది. "సీటు ముందుకి జరిపి దాని కింద పట్టాలు చూపించు." తుప్పు. "బెల్టు మొత్తం చివరిదాకా లాగు." చివరి మూరెడు రంగు తేడాగా ఉంది, నీటి గీత కనిపించింది. "ఒద్దమ్మా, మునిగిన బండి. ఇంటికెళ్ళిపో" అన్నారు.

ఆయనకి అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది కదా, అదే నెలాఖరులో మళ్ళీ కుండపోత వానలు. ఆ తర్వాత నెలల తరబడి మా షెడ్డుకి మునిగిన బళ్ళే వచ్చాయి. తెచ్చినవాళ్ళు ఆరబెట్టాం, ఇంజను స్టార్ట్ అవుతోంది, ఇక బాగానే ఉందనేవాళ్ళు. రెండు నెలలకి వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా తుప్పు పట్టి ఒకరోజు లైట్లు రావు, ఒకరోజు స్టార్ట్ కాదు, ఎక్కడ పోయిందో దొరకదు. ఈ కాలపు బండిలో కంప్యూటర్లు, సెన్సర్లు ఎక్కువ, ఎయిర్‌బ్యాగ్ వైర్లు సీటు కిందనుంచే వెళ్తాయి. నీళ్ళు అంటిన బండి కొన్నాళ్ళు మాట విని తర్వాత ఎప్పుడు ఎదురు తిరుగుతుందో చెప్పలేం.

ఇంటికెళ్ళి డబ్బు కట్టి రిపోర్టు తీస్తే, ఆ బండి 2017 వరకు టెక్సస్‌లో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచింది, లక్షల బళ్ళు నీళ్ళలో ఉన్నాయి. తర్వాత కొన్ని నెలలు రికార్డు ఖాళీ. తర్వాత వేరే రాష్ట్రంలో వేలం. తర్వాత ఒహాయో. ఇది హార్వీలోనే మునిగిందని నేను నిరూపించలేను. కానీ ఎండిన ఒండ్రు నా వేలికి అంటిన మాట నిజం, దాన్ని ఏ కాగితమూ కాదనలేదు. రిపోర్టులో ఏమీ లేకపోతే బండి మంచిదని అర్థం కాదు, ఎవరూ నమోదు చేయలేదనే అర్థం. రిపోర్టూ కావాలి, చేతులూ కావాలి.

మనవాళ్ళకి ఉన్న ఇంకో తెలివిని కూడా వాడుకోవాలి. గోపాలపురంలో సముద్రం ఎదురుగా ఉన్న ఇళ్ళ కిటికీ ఊచలు చూశారు కదా, మూడేళ్ళకే పొరలు పొరలుగా ఊడిపోతాయి. ఒహాయో, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. సముద్రం లేని చోట సముద్రపు గాలి తగిలినట్టే ఉంటుంది బళ్ళకి. పైన రంగు నిగనిగలాడుతుంది, కింద ఛాసిస్, బ్రేకు పైపులు తినేసి ఉంటాయి. ఫోను టార్చి వేసి కింద దూరి చూడాలి. బట్టలు మాసిపోతాయని చూడకండి.

ఇంకో వారం తిరిగాక 2012 కొరోల్లా ఒకటి, ఒకే యజమాని చేతిలో నడిచింది, దొరికింది. 7,200. తొంభై వేల మైళ్ళు. అంటే మన లెక్కలో లక్షా నలభై ఐదు వేల కిలోమీటర్లు, ఇక్కడ ఆ అంకె వింటే భయపడతాం, అక్కడ ఏడాదికి పన్నెండు వేల మైళ్ళు మామూలే, హైవే మీద ఒకే వేగంతో నడిచిన మైళ్ళు గతుకుల్లో నడిచినట్టు బండిని అరగదీయవు. 2012 అని ఎందుకు చూశానంటే, బండి జారినప్పుడు అదుపులోకి తెచ్చే ఈఎస్‌సీ అక్కడ 2012 మోడల్ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి, మంచులో అది ప్రాణం కాపాడుతుంది. వెనక కెమెరా 2018 మే నుంచి తప్పనిసరి అయింది, నా బండికి లేదు, అలవాటు చేసుకున్నాను. ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ సైట్లో విన్ నంబర్ కొడితే రీకాల్స్ (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ బళ్ళని వెనక్కి పిలవడం) పెండింగ్ ఉన్నాయో లేదో ఉచితంగా తెలుస్తుంది, ఉంటే డీలర్ డబ్బు తీసుకోకుండా సరిచేయాలి.

టైరు మీద డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడండి, 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైందని. గీతలు లోతుగా ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైర్లు మార్చాల్సిందే, నాలుగు టైర్లంటే అప్పట్లో నాలుగైదు వందలు, ఆ మాట ధర దగ్గర మాట్లాడాలి. 1996 నుంచి అక్కడి బళ్ళన్నిటికీ స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది, ఇరవై డాలర్ల స్కానర్ పెడితే లోపాలు చూపిస్తుంది. అమ్మేవాడు ముందురోజే లోపాల్ని తుడిచేస్తే? అప్పుడు మానిటర్లు, అంటే బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు, ఇంకా సిద్ధంగా లేవని చూపిస్తుంది, అదే గుర్తు. ఇవన్నీ మీరు చూశాక కూడా, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్ట్ ఎక్కించి చూపించండి. నూటయాభై, రెండు వందలు అడుగుతాడు. ఇవ్వండి. అమ్మేవాడు మెకానిక్ దగ్గరికి ఒప్పుకోకపోతే ఇక మాట్లాడకుండా వచ్చేయండి, ఎంత మంచివాడిలా కనిపించినా సరే.

డీలర్ దగ్గర పాత బండి కొంటే అద్దానికి బయ్యర్స్ గైడ్ అని ఒక కాగితం అంటించి ఉండాలి, అది చట్టం. అందులో "ఉన్నది ఉన్నట్టుగా" (యాజ్ ఈజ్) అన్న గడిలో టిక్కు ఉంటే, గేటు దాటాక ఇంజను పేలినా అది మీ ఖర్చే. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. షోరూములో కొన్న కారుకి అలాంటి దేశవ్యాప్త హక్కు ఏదీ లేదు. సంతకం పెట్టాక బండి మీదే.

నా కొరోల్లా సొంతదారు దగ్గరే కొన్నాను. ఒహాయోలో టైటిల్ మీద అమ్మేవాళ్ళ సంతకం నోటరీ ముందు పెట్టించాలి, అందుకని ఇద్దరం బ్యాంకులో కలిశాం, అక్కడే క్యాషియర్స్ చెక్కు (మన డీడీ లాంటిది), అక్కడే నోటరీ. నంబర్ ప్లేట్లు వాళ్ళు విప్పుకుని తీసుకెళ్ళారు, అక్కడ ప్లేట్లు మనిషివి, బండివి కావు. కొత్త రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్రం పద్ధతి ముందు చదవండి, ఒహాయోలో నడిచింది టెక్సస్‌లో నడవదు.

ఆ బండి ఐదేళ్ళు, అయిదుకి రెండు నెలలు తక్కువ, నడిపాను. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఒక వీల్ బేరింగ్, అన్నీ కలిపి 2,300 అయింది. 2021లో చిప్పుల కొరతకి పాత బళ్ళ ధరలు పెరిగాయి, ఆ తర్వాత పూర్తిగా దిగలేదు, 2024లో అమ్మితే 5,800 వచ్చింది. లెక్క వేస్తే నెలకి 64 డాలర్లు. కొత్త కారు మీద నెలకి పన్నెండు వందలు పోగొట్టుకున్నదాన్ని నేను. అందుకే ఈ రెండంకెలు నేను ఎక్కడికెళ్ళినా చెప్తాను.

అయితే కొత్త కారు కొనకూడదని చెప్పడం లేదు. 2024లో నేను కొత్తదే కొన్నాను. అప్పటికి స్కోరు 770, వడ్డీ 5 శాతం దగ్గర, ముందే క్రెడిట్ యూనియన్‌లో (సహకార బ్యాంకు లాంటిది) అప్పు మంజూరు చేయించుకుని ఆ కాగితంతో వెళ్ళాను, నెలకి ఎంత అని అడిగితే "అది తర్వాత, అన్నీ కలిపి గేటు దాటేటప్పటికి ఎంత, అది కాగితం మీద రాయండి" అన్నాను. ఔట్ ద డోర్ ప్రైస్ అంటారు దాన్ని, ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి. ఇంట్లో పసిబిడ్డ, పదేళ్ళు ఉంచుకునే ఉద్దేశం, ఉద్యోగం కుదురుగా ఉంది. అప్పుడు కొత్తదే సరైంది. ఒక్కోసారి రెండేళ్ళ పాత బండి ధర కొత్తదానికి దగ్గరగా ఉంటుంది, కొత్తదాని మీద తక్కువ వడ్డీ ఇస్తారు, అప్పుడు పూర్తి లెక్క వేస్తే కొత్తదే చవక. కానీ ఆ తక్కువ వడ్డీ మీకు వస్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

మధ్యలో సర్టిఫైడ్ ప్రీ ఓన్డ్ అని ఉంది. మూడేళ్ళ లీజు ముగిసి వచ్చిన బళ్ళని కంపెనీ తనిఖీ చేసి వారంటీ పెంచి అమ్ముతుంది. వెయ్యో రెండు వేలో ఎక్కువ. నెమ్మది కావాలనుకునేవాళ్ళకి మంచిదే, కానీ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టా, ఆ డీలరే రాసుకున్న సర్టిఫికెట్టా చూడండి, రెండూ ఒకటి కావు.

వేరే దేశాలకి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు, ఒక్కమాట. ఇంగ్లండులో బండి నంబరు కొడితే దాని ఎంఓటీ (బండి ఫిట్‌నెస్) తనిఖీల చరిత్ర ప్రభుత్వ సైట్లో ఉచితంగా కనిపిస్తుంది, ఎన్ని మైళ్ళు తిరిగిందో ఏటేటా ఉంటుంది. జర్మనీలో రెండేళ్ళకోసారి తనిఖీ, కొనేముందు అది ఎప్పటిదాకా ఉందో అడగాలి. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టం, పాత బండితో ఆ రెండో సెట్టు ఇస్తారేమో అడగండి. ఏ దేశమైనా ఇక్కడినుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్ళండి, మన ఆర్‌టీఓలోనే ఇస్తారు, ఏడాదే చెల్లుతుంది, అక్కడి నియమం పెట్టిన గడువులోపు అక్కడి లైసెన్సు తెచ్చుకోవాలి. లోకల్ లైసెన్సు వస్తే ఇన్సూరెన్సు కూడా దిగుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరసలో పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి బాబుగారూ.

ఆయన అడుగుతున్నది, పాత బండి రాత్రిపూట మధ్యదారిలో ఆగిపోతే ఆడపిల్ల ఒక్కతే ఏం చేస్తుంది, కొత్తదైతే ఆ టెన్షన్ ఉండదు కదా అని. న్యాయమైన ప్రశ్న. మా అమ్మ కూడా ఇదే అడిగింది. కొన్న రోజే ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ చేర్పించుకోవాలి, ఏడాదికి కొద్ది డాలర్లే, ఫోన్ చేస్తే లాగుకెళ్ళే బండి వస్తుంది. బండి ధరలో ఉన్న డబ్బంతా పెట్టేయకుండా వెయ్యి డాలర్లు పక్కన ఉంచి, మొదటి నెలలోనే బ్యాటరీ, టైర్లు, బ్రేకులు కొత్తవి వేయించేయాలి, దారిలో ఆపేసేవి ఎక్కువగా అవే. నా కొరోల్లా ఐదేళ్ళలో ఒక్కసారి ఆగింది, బ్యాటరీ, అదీ ఇంటి ముందే. కానీ మీ అమ్మాయి రోజూ రాత్రి షిఫ్టు, మంచులో యాభై మైళ్ళు వెళ్ళాలంటే, నేను ఏడు వేల బండి కొనమనను, ఇంకొంచెం ఆగి డబ్బు చేర్చుకుని మూడు నాలుగేళ్ళ బండి కొనమంటాను.

వెనక అబ్బాయి లీజు గురించి అడుగుతున్నాడు. తమ్ముడూ, లీజంటే మూడేళ్ళ అద్దె. మైళ్ళకి హద్దు ఉంటుంది, మధ్యలో వదిలేస్తే పెద్ద మొత్తం కట్టమంటారు. వీసా కుదురుకోనివాళ్ళకి మధ్యలో వదలాల్సి రావడమే భయం. ఇప్పుడొద్దు.

అమ్మా, మీరు. మీ అబ్బాయి ఆగస్టులో డల్లస్ వెళ్తున్నాడు, కారు కోసం ఇక్కడి స్థలం మీద అప్పు తీసి పంపాలనుకుంటున్నారు. పంపొద్దమ్మా. చదువుకి వెళ్తున్నాడు, క్యాంపస్ దగ్గర ఇల్లు చూసుకోమనండి, మొదటి ఏడాది బండి లేకుండా గడుస్తుంది. ఉద్యోగం వచ్చాక రెండు నెలల జీతం దాచుకుని కొనుక్కుంటాడు. ఫొటో కోసం మీరు ఎదురుచూస్తారని నాకు తెలుసు. వాడు కొనే బండి పాతదైనా మా నాన్న చూసి బాగుందన్నాక ఫొటో పంపిస్తాను, ఆయన ఇప్పుడు షెడ్డు మూసేశారు, ఇంట్లోనే ఉంటున్నారు, ఇలాంటి కాల్ వస్తే ఎంత రాత్రైనా లేస్తారు. కొనే రోజు వచ్చినప్పుడు అబ్బాయిని నాకు కాల్ చేయమనండి. స్టెప్నీ బయటికి తీసి పెట్టి చేయమనండి.